మంచు ముంచుకొచ్చేలోపు తోట పనులు ముగించడం ఎలా (కొండ ఊళ్లలో ఉండేవాళ్లకి)

చలికాలంలో నాలుగైదు నెలలు పెరడంతా మంచు కింద ఉండిపోయే కొండ ఊళ్లో ఇల్లుందంటే, ఎండలు తగ్గిన దగ్గర్నుంచి అందరూ ఫోన్లో వెదర్ యాప్ తీసి మంచు ఎప్పుడు పడుద్దా అని చూస్తుంటారు. నేనూ మొదట్లో అదే చేసేవాణ్ణి. రెండు మూడేళ్లు దెబ్బ తిన్నాక తెలిసిందేంటంటే, మొదటి మంచు పడినా చాలాసార్లు రెండ్రోజుల్లో కరిగిపోద్ది, మళ్లీ బయటికెళ్లి పని చేసుకోవచ్చు, కానీ నేల ఒకసారి గడ్డకట్టిందంటే మాత్రం అంతే సంగతులు, పార దిగదు, గునపం ఎత్తి వేస్తే చెయ్యి మోచేతి దాకా జివ్వుమంటది తప్ప మట్టి కదలదు. అందుకని మీ డెడ్‌లైన్ మంచు పడే రోజు అనుకోవద్దు, నేల బిగుసుకునే రోజు అనుకోండి. పనులన్నీ ఆ రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

ఆ రోజు ఎప్పుడో పట్టుకోవడం అంత కష్టమేం కాదు. మట్టిలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కుని పొద్దున పూట 4 ఇంచుల లోతులో రీడింగ్ చూస్తుండండి. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొచ్చిందంటే టైం మొదలైనట్టు, 5 కి దిగిందంటే తవ్వే పనేదైనా మిగిలుంటే ఈ వారమే. రీడింగ్ ఒక్క చోట తీస్తే సరిపోదు, ఇంటికి ఎండ తగలని వైపు నేల, ఎండ తగిలే వైపు కన్నా చాలా ముందే గట్టిపడిపోద్ది, కాబట్టి నీడ వైపు పనులు ముందు చెయ్యాలి. ఇంకోటి, కింద లోయలో ఉన్న టౌన్ వెదర్ రిపోర్ట్ చూసి మోసపోకండి. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే సగటున 6.5 డిగ్రీలు చల్లబడుద్ది, అంటే మీరు 300 మీటర్లు పైనుంటే వాళ్ల కన్నా దాదాపు 2 డిగ్రీలు తక్కువ. దీనికి రివర్స్ కూడా ఉంది, గాలి లేని నిర్మలమైన రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే నిలబడిపోద్ది, అలాంటప్పుడు కొండ వాలు మీద ఉన్న తోట బానే ఉండి పల్లంలో ఉన్న తోట మాడిపోయుంటది.

మొదట నీళ్ల పని

ఏ పని ఆలస్యమైనా మళ్లీ ఎండాకాలంలో సరిదిద్దుకోవచ్చు గానీ పైపుల్లో నీళ్లుండిపోతే మాత్రం ఖర్చు తప్పదు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, పైపు ఉబ్బదు, పగులుద్ది. అందుకే స్ప్రింక్లర్ సిస్టమ్‌లో నీళ్లు గాలితో బయటికి ఊదేయడం, అదే బ్లోఅవుట్ అంటారే, అది లిస్టులో మొదట పెట్టుకోండి. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 2, మైనస్ 3 కి దిగి కొన్ని గంటలు అక్కడే ఉండే రోజు వచ్చేలోపు అయిపోవాలి.

వరస ఇలా ఉంటది. ముందు సిస్టమ్‌కి నీళ్లొచ్చే మెయిన్ వాల్వ్ కట్టెయ్యాలి, ఇది లోతులో, గడ్డకట్టే మట్టానికి కిందుంటది కాబట్టి దానికి భయం లేదు (చలి బాగా ఎక్కువుండే చోట్ల నేల 3 నుంచి 5 అడుగుల దాకా కూడా గడ్డకడుద్ది, అందుకే అంత లోతులో పెడతారు). తర్వాత కంప్రెసర్ గొట్టం బ్యాక్‌ఫ్లో పరికరం (తోట పైపుల్లో నీళ్లు వెనక్కి తాగే నీళ్ల లైన్లోకి రాకుండా ఆపేది) దాటాక ఉన్న పాయింట్‌కి తగిలించాలి, బ్యాక్‌ఫ్లో గుండా గాలి కొట్టకూడదు, లోపలున్న రబ్బరు, ప్లాస్టిక్ పార్టులు పాడైపోతాయి. కంప్రెసర్ ఆన్ చేసే ముందే ఏదో ఒక జోన్ (ఒకే వాల్వ్ కింద పని చేసే స్ప్రింక్లర్ల గుంపు) వాల్వ్ తెరిచుండాలి, గాలికి బయటికెళ్లే దారి లేకుండా ఎప్పుడూ కొట్టొద్దు. కంప్రెసర్‌కి బాగా దూరంగా, ఎత్తులో ఉన్న జోన్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటీ దగ్గరికి వస్తూ ఉండాలి. ఒక్కో జోన్‌కి రెండు నిమిషాలు దాటొద్దు, ధారగా వచ్చే నీళ్లు తుంపరై, తుంపర పొగలా అయ్యాక ఆపేసి తర్వాతి జోన్‌కి వెళ్లండి, అన్నీ అయ్యాక మళ్లీ రెండో రౌండ్ వెయ్యండి, ఈ మధ్యలో మూలమూలలా మిగిలిన నీళ్లు పల్లంలోకి చేరుంటాయి, అవి రెండో రౌండ్‌లో వస్తాయి. ఒకేసారి అయిదు నిమిషాలు కొట్టేస్తే పోలా అనుకోవద్దు, ఖాళీ పైపులో గాలి రాపిడికి వేడెక్కుద్ది, తిరిగే స్ప్రింక్లర్ హెడ్‌ల లోపలి ప్లాస్టిక్ గేర్లకి నీళ్లే లూబ్రికెంట్, ఆ నీళ్లు లేకుండా తిరిగితే అరిగిపోతాయి.

ప్రెజర్ సంగతి. నల్లటి మెత్తటి పాలీ పైపులైతే 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, గేజ్ మీద కనపడుద్ది) దాటొద్దు, గట్టి పీవీసీ అయితే 80 దాటొద్దు. పోయినేడు నా బావమరిది సాయానికొచ్చి కంప్రెసర్ దగ్గర నిలబడ్డాడు, మూడో జోన్‌కే వాడికి విసుగొచ్చి "బావా, గేజ్ ఇంకాస్త పైకి తిప్పితే చిటికెలో అయిపోద్ది కదా" అన్నాడు. "ఒరేయ్, చెయ్యి తియ్యరా దాని మీంచి" అని అరిచా. నీళ్లని తోసేది ప్రెజర్ కాదు, గాలి పరిమాణం. టైర్లకి గాలి కొట్టే బుల్లి కంప్రెసర్‌లో ప్రెజర్ వంద చూపిస్తది గానీ పెద్ద జోన్ మొత్తం ఊడ్చేంత గాలి రాదు, కాసేపు బుస్సుమని చప్పబడిపోద్ది, పైప్ అడుగున నీళ్లు అలాగే ఉంటాయి. దాంతో మనోళ్లు ఏం చేస్తారంటే ప్రెజర్ పెంచుతారు, ఎక్కడో భూమి లోపల జాయింట్ ఊడుద్ది, అది వచ్చే ఎండాకాలం దాకా తెలీదు. పెద్ద కంప్రెసర్ ఒక రోజుకి అద్దెకి తెచ్చుకుని ఇరుగుపొరుగు కలిసి పంచుకోవడం మేలు, లేదా ఈ ఒక్క పనికి మనిషిని పిలవండి. ఎవరు చేసినా కళ్లద్దాలు పెట్టుకోవాలి, హెడ్‌ల మీదికి వంగి చూడకూడదు, ఒక్కోసారి బుడిపె ఊడి బుల్లెట్‌లా లేస్తది.

అంతా అయ్యాక బ్యాక్‌ఫ్లో మీదుండే బాల్ వాల్వ్ హ్యాండిల్స్ పూర్తిగా తెరిచో పూర్తిగా మూసో వదిలెయ్యకుండా సగానికి, 45 డిగ్రీల్లో పెట్టండి. ఆ బంతి లోపలా చుట్టూ కాసిని నీళ్లు చిక్కుకునుంటాయి, సగంలో పెడితే కారిపోతాయి, మూసేస్తే అవే ఇత్తడిని చీల్చేస్తాయి. డ్రిప్ లైన్లకైతే చివర మూతలు తీసేసి వదిలెయ్యండి, ఫిల్టర్ విప్పి ఇంట్లో పెట్టుకోండి. బ్యాటరీ టైమర్ కూడా లోపలికే.

బ్లోఅవుట్‌కి ఇంకా టైం ఉండగానే ఒక్క రాత్రి గట్టి చలి వస్తుందని తెలిస్తే కంగారు పడక్కర్లేదు, నేల లోపల పైపులకి ఒక్క రాత్రికి ఏం కాదు, నేల మీదికి తేలి ఉండే బ్యాక్‌ఫ్లోకే ప్రమాదం. పాత దుప్పటో మందపాటి టవలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కట్టేస్తే గట్టెక్కుద్ది.

ఇక తోట గొట్టం. దీని గురించి చెప్పాలంటే నాకే సిగ్గు. చలి దేశాల్లో ఇంటి బయట కుళాయిలు గడ్డకట్టని రకం పెడతారు, హ్యాండిల్ బయటుంటది గానీ నీళ్లని ఆపే వాల్వ్ మాత్రం గోడ లోపల వెచ్చగా ఉండే వైపుంటది, కట్టెయ్యగానే మధ్య గొట్టంలో నీళ్లు బయటికి కారిపోతాయి. ఆ ధీమాతో ఒక ఏడు వెనక వైపు కుళాయికి మూడడుగుల ముక్క గొట్టం తగిలించే వదిలేశా, చివర్లో షవర్ నాజిల్ ఉంది, అది మూసుంది. దాంతో నీళ్లు కారడానికి దారి లేక కుళాయి గొట్టంలోనే నిలబడి గోడ లోపల గడ్డకట్టి చీలిక తెచ్చాయి. చలికాలమంతా చుక్క కారలేదు, ఎందుకంటే వాల్వ్ మూసే ఉంది. మంచు కరిగాక మొక్కలకి నీళ్లు పెడదామని తిప్పా, బయట ధార సన్నగా వస్తుంటే ప్రెజర్ తక్కువుందేమో అనుకుని పది నిమిషాలు అలాగే వదిలేశా. కింద బేస్‌మెంట్‌లో అట్టపెట్టెలు తేలుతున్నాయని మా ఆవిడ కేకేసేదాకా తెలీలేదు. గోరుతో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ముక్క గొట్టం, నాజిల్, రెండుగా చీల్చే స్ప్లిటర్, కుళాయికి తగిలించినవన్నీ విప్పెయ్యండి.

చెట్లకి మాత్రం నీళ్లు ఆపొద్దు

ఇక్కడే చిన్న తిరకాసు. సిస్టమ్ ఊదేశాం కదా అని అందరూ నీళ్లు పూర్తిగా ఆపేస్తారు, కానీ చెట్లకి, ముఖ్యంగా ఆకు రాల్చని పైన్, స్ప్రూస్ లాంటి వాటికి, నేల బిగుసుకునే దాకా నీళ్లు కావాలి. వాటి సూదాకులు చలికాలం పొడుగునా గాలికీ ఎండకీ తేమ పోగొట్టుకుంటూనే ఉంటాయి, గడ్డకట్టిన నేల్లోంచి వేర్లు నీళ్లు తాగలేవు, అంటే లోపల దాచుకున్న దాంతోనే నెట్టుకు రావాలి. మంచు కరిగాక గాలి కొట్టే వైపు మాత్రమే ఎర్రగా మాడిపోయిన చెట్లు కనిపిస్తాయి చూడండి, వాటిని చలి చంపిందనుకుంటారు గానీ చాలాసార్లు అది దాహం.

నా లెక్క ఏంటంటే బ్లోఅవుట్ కాస్త ముందే చేయించేసి, ఆ తర్వాత చెట్లకి చేత్తో గొట్టం పట్టడం. కాండం ఒక్కో ఇంచు మందానికి దాదాపు 40 లీటర్లు, అంటే రెండించుల కాండానికి 80. కాండం మొదట్లో పొయ్యకుండా కొమ్మల అంచు కింద, గుండ్రంగా తిప్పుతూ, సన్న ధారతో ఇంకనివ్వండి. పగటి ఉష్ణోగ్రత 5 దాటిన రోజు, మధ్యాహ్నం పూట పోస్తే రాత్రికల్లా ఇంకిపోద్ది. పోసిన ప్రతిసారీ గొట్టం విప్పెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా. తడి మట్టి పొడి మట్టి కన్నా వేడిని ఎక్కువ పట్టుకుంటది, కాబట్టి ఆ చివరి తడి వేర్లకి దుప్పటి లాంటిది కూడా. ఈ ఏడు నాటిన మొక్కల్ని అస్సలు మర్చిపోవద్దు, వాటి వేర్లింకా కుండీ సైజులోనే ఉంటాయి.

తవ్వేవి, పాతేవి

గుర్తు కర్రలు. ఇది అందరూ ఆఖరికి పెట్టుకుంటారు, పెట్టుకుని ఏడుస్తారు. మంచు తోసే బండి నడిపేవాడికి రెండడుగుల మంచు కింద మీ పూలమడి అంచు, రాతి గట్టు, వాల్వ్ బాక్స్ ఎక్కడుందో ఏం తెలుస్తది, తెల్లవారుజామున నాలుగింటికి చీకట్లో వచ్చి బ్లేడ్ దించేస్తాడు. 4, 5 అడుగుల ఫైబర్ కర్రలు, పైన వెలుగు పడితే మెరిసే పట్టీ ఉన్నవి, దారికి రెండు వైపులా 8, 10 అడుగులకొకటి చొప్పున పాతండి, మలుపుల్లో ఇంకా దగ్గరగా. సరిగ్గా అంచు మీద పెడితే బ్లేడ్‌కి తగిలి విరుగుతాయి, ఓ అడుగు తోట వైపుకి జరపండి. మంచు ఎక్కువ పడే ఊరైతే ఇంకా పొడుగువి తీసుకోవాలి, నడుం లోతు మంచులో నాలుగడుగుల కర్ర ఉన్నా లేనట్టే. నేల మెత్తగా ఉంటే చేత్తో దిగిపోతాయి, ఆలస్యం చేస్తే డ్రిల్ మిషన్ తెచ్చి బెజ్జం పెట్టాల్సొస్తది. ఇంటి దగ్గర ఫైర్ హైడ్రంట్ (ఫైరింజన్ వాళ్లు నీళ్లు పట్టుకునే కుళాయి) ఉంటే దానికి పొడుగు కర్ర కట్టి, చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉండేలా చూడండి, సెప్టిక్ ట్యాంక్ మూతకి కూడా ఒకటి.

కర్రలు పాతుతున్నప్పుడే తోసిన మంచు ఎక్కడ పొయ్యాలో కూడా తేల్చేసుకోండి. కొత్తగా పడ్డ పొడి మంచు క్యూబిక్ మీటర్ 50 నుంచి 100 కిలోలుంటది, అదే బ్లేడ్‌తో నెట్టి కుదించి గుట్ట పోస్తే 400 కిలోలు దాటుద్ది, మీ లైలాక్ పొద మీద పడితే ఇక అది కట్టెల కిందకే. సెప్టిక్ నీళ్లు ఇంకే చోటు మీద బండి తిప్పొద్దు, మంచు తొక్కితే దుప్పటి గుణం పోయి చలి లోతుకి దిగుద్ది. ఆ గుట్ట కరిగేటప్పుడు నీళ్లు ఎటు పోతాయో కూడా ఇప్పుడే ఆలోచించండి, ఇంటి పునాది వైపు వాలున్న చోట గుట్ట పెట్టారో, కరిగేటప్పుడు మళ్లీ బేస్‌మెంట్‌లో అట్టపెట్టెలు తేలతాయి (నాకు అనుభవం ఉంది కదా).

సగంలో ఆగిన రాతి పని ఉంటే, ఇటుకల దారో చిన్న గోడో, తొందరపడి ఎలాగోలా ముగించెయ్యాలన్న ఆత్రం వద్దు. గడ్డకట్టిన గడ్డలున్న మట్టిని ఎంత దిమ్మిస వేసినా కుదురుకోదు, లోపల మంచు ముక్కలు కరిగాక గుంటలు పడిపోతాయి. కాంక్రీట్ కూడా 5 డిగ్రీల లోపు సరిగ్గా గట్టిపడదు, గడ్డకట్టిన నేల మీదైతే అస్సలు పొయ్యకూడదు. నేనైతే కంకర పొర వరకు దిమ్మిస వేసి ఆపేసి, నీళ్లు నిలవకుండా ఓ పక్కకి కాలవ తీసి వదిలేస్తా. నేల ఉబ్బడానికి సన్న రేణువుల మట్టి, నీళ్లు, చలి మూడూ కలవాలి, అందులో మన చేతిలో ఉన్నది నీళ్లని పక్కకి పంపడం ఒక్కటే. కొత్తగా పోసిన కాంక్రీట్ మీద మొదటి చలికాలం ఉప్పు చల్లకండి, ఇసకతో సరిపెట్టుకోండి. మామూలు ఉప్పు ఎలాగూ మైనస్ 9 దాటాక పెద్దగా పని చెయ్యదు, పైగా పక్కనున్న మొక్కల్ని చంపుద్ది.

వాలు మీద మట్టి బయటపడి ఉంటే మాత్రం అది అలా వదలొద్దు. కొండల్లో మంచు కరిగేటప్పుడు మట్టి బాగా కొట్టుకుపోద్ది, పైన రెండించులు బురదై కింద ఇంకా బండలా గడ్డకట్టి ఉంటది, ఇంకడానికి దారి లేక నీళ్లు ఆ బురదనంతా తీసుకుని కిందకి పోతాయి. గడ్డి పరిచి పైన వల కప్పి మేకులు కొట్టండి, వాలుకి అడ్డంగా గడ్డి చుట్టలు పాతండి. అక్కడ పచ్చిక కావాలంటే విత్తనం కూడా ఇప్పుడే వెయ్యొచ్చు, కానీ మట్టి 4, 5 డిగ్రీలకి దిగాక, అంటే మొలకెత్తే ఛాన్స్ లేనంత చలి వచ్చాక. ముందే వేస్తే మొలకొచ్చి చచ్చిపోద్ది, ఇప్పుడు వేస్తే నిద్రపోయి మంచు కరిగాక లేస్తది. కొండ మీద సహజంగా పెరిగే పూల జాతులు చాలావాటికి ఆ చలి నిద్ర లేకపోతే అసలు మొలకే రాదు.

ట్యూలిప్, డాఫొడిల్ దుంపలకి నేల బిగుసుకోడానికి ఐదారు వారాల ముందు నాటడం మంచిది, దుంప ఎత్తుకి మూడింతల లోతు. లేటైపోయిందా, నేల మీద గడ్డకట్టిన పెచ్చు పగలగొట్టగలిగితే నాటెయ్యండి, సంచిలో కుళ్లడం కన్నా అదే నయం.

లాన్

చివరి కోత 2 నుంచి 2.5 ఇంచులు ఉండేలా. ఎక్కువుంటే మంచు బరువుకి గడ్డి వాలిపోయి చాపలా అతుక్కుని కింద బూజు పడుద్ది, మరీ గుండు కొడితే వేరు బలహీనపడుద్ది. ఆ బూజు రెండు రకాలు, బూడిదరంగుదీ గులాబీరంగుదీ. బూడిదది రావాలంటే మంచు దాదాపు రెండు నెలలు కప్పి ఉండాలి, కొండ ఊళ్లలో అది ఎలాగూ ఉంటది కాబట్టి మనకి వచ్చే ఛాన్స్ ఎక్కువ, గులాబీది మంచు లేకపోయినా చల్లగా తడిగా ఉంటే చాలు వచ్చేస్తది. గడ్డి పెరగడం ఆగాక నైట్రోజన్ ఎరువు దండిగా వేస్తే బూజుకి విందే. ఆకులు పల్చగా ఉంటే మోవర్‌తో రెండుసార్లు తొక్కించి పొడి చేసి వదిలెయ్యండి, గడ్డి కనపడనంత మందంగా ఉంటే ఊడ్చెయ్యాల్సిందే. ఇంటిని ఆనుకుని ఐదడుగుల లోపల ఎండుటాకులు, పైన్ సూదులు ఉండనివ్వకండి, గట్టర్లలోవి కూడా. అడవి పక్కన ఇళ్లకి చలికాలానికి ముందు పొడి రోజుల్లో ఎగిరొచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు.

చెట్ల కాండాలు, పొదలు

మంచు కింద ఏం జరుగుద్దో తెలీక చాలామంది ఇది వదిలేస్తారు. వోల్ అని పొట్టి తోక ఎలక ఒకటుంటది, అది చలికాలం నిద్రపోదు, మంచుకీ నేలకీ మధ్య సొరంగాలు చేసుకుని తిరుగుతూ, దొరికితే చిన్న చెట్ల బెరడు చుట్టూ కొరికేస్తది. బెరడు చుట్టూతా పోయిందంటే చెట్టు పోయినట్టే. పావు ఇంచు కన్నాలున్న ఇనప జాలీ గొట్టంలా చుట్టి, అడుగున రెండు మూడు ఇంచులు మట్టిలోకి దింపండి, కాండానికీ జాలీకీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంచండి. ఎత్తు దగ్గరే అందరూ తప్పు చేసేది, బెరడు కొరికే కుందేలు నేల మీద నిలబడదు, మంచు మీద నిలబడుద్ది, మీ దగ్గర రెండడుగుల మంచు నిలిస్తే దానికి ఆ రెండడుగులు నిచ్చెనే. కాబట్టి మంచు మట్టం పైన ఇంకో అడుగున్నర లెక్కేసుకుని కట్ చేసుకోండి.

పలచటి బెరడున్న చిన్న చెట్లకి, అంటే మేపుల్, లిండెన్, పండ్ల చెట్లకి తెల్లటి ర్యాప్ (కాండానికి చుట్టే పట్టీ) చుట్టాలి. పగలు ఎండకి కాండం ఆ వైపు వేడెక్కి కణాలు మేల్కొంటాయి, పొద్దు వాలగానే ఉష్ణోగ్రత ఢమాల్‌మని పడి అవి చస్తాయి, బెరడు నిలువుగా పగులుద్ది. ఎక్కువగా పగిలేది మధ్యాహ్నపు ఎండ తగిలే వైపే. కింద నుంచి పైకి, ఒకదాని మీదొకటి కొంచెం ఎక్కేలా చుట్టండి, అప్పుడే నీళ్లు లోపలికి దిగవు. మంచు కరిగాక తీసెయ్యడం మర్చిపోతే దాని కింద పురుగులు కాపురం పెడతాయి.

నిటారుగా పెరిగే జూనిపర్, ఆర్బర్‌వైటీ లాంటి పొదల్ని పురికొసతో కింద నుంచి పైకి వదులుగా చుట్టి కట్టేస్తే తడిమంచు బరువుకి విచ్చుకుపోవు. ఇంటి కప్పు మీంచి మంచు జారి పడే చోట ఉన్న పొదకి పురికొస, గోనెపట్టా ఏదీ సరిపోదు, రెండు ప్లైవుడ్ ముక్కలు గుడిసెలా ఆనించి పెట్టాలి. అసలు ఆ చోట పొద నాటడమే తప్పు, అది వేరే విషయం. లైలాక్ లాంటి మంచు పోగానే పూసే పొదల్ని ఇప్పుడు కత్తిరించొద్దు, వచ్చే పూతకి మొగ్గలు ఆల్రెడీ కొమ్మల్లో ఉన్నాయి.

పూలమొక్కల ఎండుకాడలు నేను వదిలేస్తా, అవి మంచుని పట్టి ఉంచుతాయి, మంచే మంచి దుప్పటి, పైగా మనకో పని తగ్గింది. తెగులు పట్టినవి మాత్రం కోసి పారెయ్యాలి. అన్ని పనులూ నేల బిగుసుకోకముందే అన్నా కదా, ఒక్కటి మాత్రం బిగుసుకున్నాకే చెయ్యాలి, ఈ పూలమొక్కల మొదళ్ల మీద మల్చ్ (ఎండుటాకులు, గడ్డి లాంటి పొర) కప్పడం. ఎందుకంటే మల్చ్ పని వెచ్చబెట్టడం కాదు, గడ్డకట్టిన నేలని అలాగే ఉంచడం. పగలు కరిగి రాత్రి గడ్డకట్టి, ఇలా రోజూ జరిగితే చిన్న మొక్కల్ని నేల వేళ్లతో సహా పైకి నెట్టేస్తది. ముందే కప్పితే ఎలకలకి ఇల్లు కట్టిచ్చినట్టు కూడా అవుద్ది. రెండు నుంచి నాలుగు ఇంచులు చాలు, చెట్ల దగ్గరైతే కాండానికి ఆనకుండా కొన్ని ఇంచులు వదలాలి.

సామాన్లు

మోవర్ ట్యాంక్ నింపి స్టెబిలైజర్ (నిలవున్న పెట్రోల్ పాడవకుండా ఆపే మందు) కలిపి, ఆ కలిసిన పెట్రోల్ కార్బురేటర్ దాకా వెళ్లేలా పది నిమిషాలు నడిపి ఆపండి. బ్యాటరీలు ఇంట్లో. మందు కొట్టే స్ప్రేయర్ పంపులో నీళ్లుంటే అది కూడా పగులుద్ది, బోర్లించి పెట్టండి. మంచు పారలూ ఇసక డబ్బా తలుపు పక్కకి, కత్తెరలు వెనక్కి. అంతే.

ముందే పడిపోతే

ఆకులు రాలకముందే పెద్ద మంచు పడితే కొమ్మలు విరిగేది అప్పుడే, ఒక్కో ఆకూ ఒక పళ్లెంలా బరువు పట్టుకుంటది. చీపురు తిరగేసి కింద నుంచి పైకి మెల్లగా ఎత్తి దులపండి, పై నుంచి కొట్టొద్దు. కొమ్మల మీద ఐసు గట్టిగా అతుక్కుని ఉంటే అస్సలు ముట్టుకోవద్దు, కరిగేదాకా ఆగాలి, లేకపోతే ఐసు కన్నా ముందు కొమ్మే విరుగుద్ది. ఆ మంచు కరగదని తేలిపోతే మిగిలిన లిస్టులోంచి చెట్ల జాలీలూ గుర్తు కర్రలూ మాత్రం మంచు తవ్వి అయినా చేసెయ్యండి. మందంగా ముందే పడ్డ మంచు కింద నేల చాలా రోజులు మెత్తగానే ఉంటది కాబట్టి పార దిగే ఛాన్స్ ఉంది. ఆకులూ చివరి కోతా వదిలెయ్యండి, బూజు పట్టిన చోట మంచు పోయాక పళ్లకర్రతో గీరితే చాలా వరకు తేరుకుంటది.

పనులైపోయాక, నేల ఇంకా కనపడుతున్నప్పుడే, ఫోన్ పట్టుకుని పెరడంతా నెమ్మదిగా తిరుగుతూ వీడియో తియ్యండి, వాల్వ్ బాక్స్ దగ్గరికొచ్చినప్పుడు "మెట్ల మూల నుంచి ఆరు అడుగులు" అని నోటితో చెప్పండి. నడిచలికాలంలో నీళ్ల మెయిన్ వాల్వ్ వెతకాల్సొస్తే మూడడుగుల మంచులో ఎక్కడ తవ్వాలో ఆ వీడియోనే చెప్తది.